ఆలస్యమే సాక్ష్యం

ఐన్‌స్టీన్ సమీకరణాలకు ఒక అదనపు పదం చేర్చి గురుత్వాకర్షణను సవరించబోయే శాస్త్రవేత్తకు ఇవాళ తోటి శాస్త్రవేత్తల నుంచి తప్పకుండా ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆ పదం వల్ల ఏ సంకేతమైనా చేరవలసిన వేళ కంటే ముందే చేరుతుందా? చేరుతుందని తేలితే ఆ పదాన్ని వదులుకోవాలి, లేదా దానికి తోడుగా కొత్త కణాలున్నాయని ఒప్పుకోవాలి. కారణం ముందు, కార్యం వెనక అన్న మాట తత్వశాస్త్రమంత పాతది. ఆ మాటతో గురుత్వ సిద్ధాంతాలను వడపోసే ఆచారం మాత్రం పట్టుమని రెండు దశాబ్దాలది, దాని వెనక వందేళ్లకు పైబడిన సాధన ఉంది. ఆ చరిత్రను వరుసగా చూస్తే నాకు ఒక విషయం బలంగా కనిపిస్తుంది. కార్యకారణ నియమం తన కోరికలను తగ్గించుకున్న ప్రతిసారీ దాని పట్టు పెరిగింది. కాంతి వేగాన్ని ఏదీ ఎక్కడా దాటకూడదన్న విశాల నిషేధంగా ఉన్నంతకాలం అది గురుత్వాన్ని ఏమీ చేయలేకపోయింది. దూరాన ఉన్న పరిశీలకుడు పసిగట్టగలిగినంత ముందుగా ఏ సంకేతమూ చేరకూడదన్న ఇరుకైన నిబంధనగా మారాకే దాని తీర్పుకు బలం వచ్చింది.

ఈ తగ్గింపు మొదటిసారి జరిగింది గురుత్వంతో సంబంధం లేని చోట. సాపేక్షతా సిద్ధాంతం వెలువడిన రెండేళ్లకే, 1907లో, విల్‌హెల్మ్ వీన్ ఒక ఆక్షేపణ లేవదీశాడు. ఏ పదార్థమైనా కాంతిని గట్టిగా పీల్చుకునే పౌనఃపున్యాల చుట్టుపక్కల, ఆ పదార్థంలో తరంగాల వేగం శూన్యంలోని కాంతి వేగాన్ని మించగలదని అప్పటికే తెలుసు. మరి కాంతి వేగమే గరిష్ఠమన్న మాట ఏమైనట్టు? ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ ఆ ఏడే క్లుప్తంగా జవాబిచ్చాడు. 1914లో ఆయనా లియోన్ బ్రిల్వా చెరొక వ్యాసంలో లెక్కను పూర్తిచేశారు. తరంగ శిఖరం జరిగే వేగం గానీ తరంగాల గుంపు జరిగే వేగం గానీ వార్తను మోయనక్కర్లేదని వారు చూపారు. చీకట్లో ఉన్నట్టుండి దీపం వెలిగిస్తే ఆ వెలుగు మొదటి అంచు ఎప్పుడు చేరిందన్నదే అడగవలసిన ప్రశ్న. ఆ అంచును నిర్ణయించేవి అత్యధిక పౌనఃపున్యాలు. అంత వడిగా ఊగే క్షేత్రానికి పదార్థంలోని ఎలక్ట్రాన్లు స్పందించలేవు. కాబట్టి ఆ అంచు ఏ పదార్థంలోనైనా శూన్యంలో పోయినట్టే పోతుంది. ఊరేగింపులో కాగడా చేతులు మారుతూ మనుషుల నడక కంటే వేగంగా ముందుకు జరగవచ్చు. అందరికంటే ముందు నడిచే మనిషిని దాటి మాత్రం ఊరి పొలిమేర చేరలేదు. వీన్ చూపిన వేగాలు నిజమైనవే. నియమం వాటి జోలికి పోవటం మానుకుని, ముందంచును మాత్రమే కాపలా కాయటానికి ఒప్పుకుంది.

అలా ఒప్పుకున్నందుకు దక్కిన ఫలం చాలా పెద్దది. రాల్ఫ్ క్రోనిగ్ 1926లో, హెన్‌డ్రిక్ క్రామర్స్ 1927లో ఆ పరిమిత రూపాన్ని సమీకరణంగా మలిచారు. తరంగం తాకకముందు పదార్థం స్పందించదు అన్న ఒక్క షరతు పెడితే చాలు, పదార్థం కాంతిని ఎంత వంచుతుందన్నదీ ఎంత పీల్చుకుంటుందన్నదీ విడివిడి సంగతులుగా మిగలవు. అన్ని పౌనఃపున్యాల వద్దా శోషణను కొలిచి తగిన రీతిలో కూడితే, తక్కువ పౌనఃపున్యాల వద్ద వక్రీభవన గుణకం ఎంతో చెప్పవచ్చు. మామూలు పదార్థం కాంతిని పీల్చుకుంటుందే తప్ప తన నుంచి చేర్చి పెంచదు. అందువల్ల ఆ కూడికలో ప్రతి భాగమూ ధనాత్మకం. గాజు వంటి పారదర్శక పదార్థంలో దీర్ఘ తరంగాలు శూన్యంలో కంటే నెమ్మదిగా పోవటానికి మూలం అక్కడుంది. దూరంగా, అధిక పౌనఃపున్యాల దగ్గర, మనకు కనపడని చోట ఏం జరుగుతోందో తెలియకపోయినా, అక్కడ జరిగేది కార్యకారణ క్రమానికి లోబడితే చాలు, ఇక్కడ తక్కువ పౌనఃపున్యాల వద్ద ఒక సంఖ్య గుర్తు ప్లస్సో మైనస్సో తేలిపోతుంది. తర్వాతి తొంభై ఏళ్ల కథంతా ఈ వాక్యానికి వ్యాఖ్యానమే అంటే అతిశయోక్తి కాదు.

తర్వాత కణ భౌతికశాస్త్రం దీన్ని అందిపుచ్చుకుంది. 1954లో గెల్‌మాన్, గోల్డ్‌బర్గర్, థిరింగ్ క్వాంటం సిద్ధాంతంలో కార్యకారణ షరతును ఎలా వాడాలో చూపారు. మరుసటి ఏడే గోల్డ్‌బర్గర్ ఆ పద్ధతిని పయాన్లు ప్రోటాన్లను ఢీకొనే ప్రక్రియకు వర్తింపజేశాడు. బలమైన అణుకేంద్రక బలాలకు సరైన సిద్ధాంతం లేని రోజులవి. అయినా 1960ల్లో బ్రూక్‌హేవెన్ యాక్సిలరేటర్ దగ్గర కొలతలు తీసి ఆ సంబంధాలను సరిచూశారు. లోపలి యంత్రాంగం తెలియకుండానే బయటి నుంచి పరీక్ష పెట్టవచ్చని అప్పుడు రుజువైంది. 2006లో ఆడమ్స్, ఆర్కానీ-హమేద్, డుబోవ్‌స్కీ, నికోలిస్, రటాజీ కలిసి ఇదే తర్కాన్ని, అధిక శక్తుల వివరాలు వదిలి అల్పశక్తులను మాత్రమే వర్ణించే ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీలకు సాధారణ నియమంగా ప్రకటించారు: అల్పశక్తి సిద్ధాంతంలోని కొన్ని గుణకాలు ధనాత్మకం కాకపోతే, ఎంత అధిక శక్తికి వెళ్లినా ఆ సిద్ధాంతానికి కార్యకారణ క్రమాన్ని పాటించే మూలం దొరకదు. ఆయిలర్, హైసెన్‌బర్గ్ 1936లో లెక్కకట్టిన, కాంతి కాంతిని తాకే ప్రక్రియలోని గుణకాలు ఈ పరీక్షలో నెగ్గినవే. బలమైన అయస్కాంత క్షేత్రంలో కాంతి కొద్దిగా నెమ్మదిస్తుందని అవి చెబుతాయి.

ఈ కథలో మనదేశం నుంచి వెళ్లినవారి పాత్ర ఒకటుంది, దాన్ని దాటిపోలేం. కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ 1961లో కెనెత్ జాన్సన్‌తో కలిసి, 3/2 స్పిన్ గల విద్యుదావేశిత కణాల క్షేత్ర సిద్ధాంతం విద్యుదయస్కాంత క్షేత్రంలో పొంతన కోల్పోతుందని చూపాడు. 1969లో వెలో, జ్వాంజిగర్ అదే రోగాన్ని మరో వైపు నుంచి బయటపెట్టారు: ఆ సమీకరణాలు కాంతిని మించిన వేగంతో సంకేతాలను పోనిస్తున్నాయి. మందు 1970ల చివర సూపర్‌గ్రావిటీలో దొరికింది. 3/2 స్పిన్ కణాన్ని ఒంటరిగా వదలకుండా గురుత్వంతో, దానికి తగిన సౌష్ఠవంతో జతచేస్తే పొంతన తిరిగి వస్తుంది. కార్యకారణ దోషం కనిపిస్తే కణాల జాబితా అసంపూర్ణంగా ఉందని అర్థం చేసుకోవచ్చన్న అవగాహనకు ఇది తొలి ఉదాహరణ. ముప్పై ఏళ్లు గడిచాక గురుత్వానికే ఆ అవగాహన తిరిగి వర్తించింది.

గురుత్వం దగ్గరికి వచ్చేసరికి పని కష్టమైంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని క్వాంటం సిద్ధాంతంగా చూస్తే అది అన్ని శక్తుల వద్దా నిలవదు. 1985లో గోరాఫ్, సాగ్నోటీ రెండు లూపుల లెక్క చేసి, స్థలకాల వక్రతను మూడుసార్లు గుణించిన ఒక పదం అనంతంగా తేలుతుందనీ, దాన్ని సరిచేయాలంటే కొత్త గుణకం చేర్చక తప్పదనీ చూపారు. 1994లో జాన్ డొనహ్యూ దీన్ని నిరాశగా తీసుకోనక్కర్లేదని వాదించాడు. పెద్ద దూరాల వద్ద ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఇచ్చే క్వాంటం ఫలితాలు నమ్మదగినవే. దగ్గరి దూరాల గురించి మనకు తెలియనిదంతా వక్రత ఘాతాలు గల పదాల గుణకాల్లో దాగి ఉంటుంది. గురుత్వానికి ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ అంటే అదే. అయితే ఆ గుణకాలు ఎంత పెద్దవి, వాటి గుర్తేమిటి అన్నది సిద్ధాంతం తనంతట తాను చెప్పదు. క్రోనిగ్ బాటలో నడిచి చెప్పిద్దామంటే రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. గురుత్వాన్ని మోసే క్వాంటం కణమైన గ్రావిటాన్‌కు ద్రవ్యరాశి లేదు, గురుత్వ బలం ఎంత దూరమైనా వ్యాపిస్తుంది. అందుకని 2006 నాటి వాదం ఆధారపడ్డ, కణాలు దాదాపు తిన్నగా దూసుకుపోయే పరిమితి వద్ద లెక్క అనంతమైపోతుంది. రెండో అడ్డంకి ఇంకా లోతైనది. వేగాన్ని కొలవటానికి కొలబద్ద కావాలి, ఆ కొలబద్ద స్థలకాల జ్యామితే, ఇక్కడ మారేదీ ఆ జ్యామితే. క్షేత్రాలను మరో రూపంలో రాసుకుంటే నిన్న కాంతిని మించినట్టు కనిపించిన వేగం ఇవాళ మించనట్టు కనిపించవచ్చు.

ఈ చిక్కు ఊహాజనితం కాదని 1980లోనే తెలిసింది. డ్రమండ్, హాత్రెల్ ఇద్దరూ వక్ర స్థలకాలంలో ఫోటాన్ ప్రయాణాన్ని, అది క్షణకాలం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారే ప్రభావంతో సహా లెక్కించారు. నక్షత్రం పక్కనుంచి పోయే కాంతికి ఒక ధ్రువణంలో వేగం కాంతి వేగం కంటే రవ్వంత ఎక్కువని తేలింది. ప్రయోగాల్లో అంతగా నెగ్గిన క్వాంటం ఎలక్ట్రోడైనమిక్సే ఈ మాట చెబుతోంది గనుక, సిద్ధాంతం తప్పని కొట్టిపారేసే వీల్లేదు. సూర్యుడి దగ్గర ఆ తేడా దశాంశ బిందువు తర్వాత దాదాపు 50 సున్నాలు పెట్టాక గానీ మొదలవదు. దారి పొడవునా కలిపి దక్కే ముందంజ ఆ కాంతి తరంగదైర్ఘ్యం ముందు సోదిలోకి రాదు. తరంగదైర్ఘ్యం కంటే తక్కువ ముందంజను ఏ తరంగంతోనూ కొలవలేం, దానితో ఏ వార్తనూ ముందుగా పంపలేం. చిన్న తరంగాలు వాడి తేడా పట్టుకుందామంటే ఆ లెక్కే చెల్లని శక్తులకు చేరుకుంటాం. అక్కడేం జరుగుతుందో 2007, 2008ల్లో హోలోవుడ్, షోర్ తేల్చారు: వక్ర స్థలకాలంలో క్రామర్స్, క్రోనిగ్ సంబంధం పాత రూపంలో నిలవకపోయినా, అత్యధిక పౌనఃపున్యాల వద్ద వేగం మళ్లీ కాంతి వేగానికే వచ్చి ఆగుతుంది. వీన్, సోమర్‌ఫెల్డ్ సంవాదం వందేళ్ల తర్వాత గురుత్వ క్షేత్రంలో పునరావృతమైంది, తీర్పూ అదే వచ్చింది.

అయితే గురుత్వంలో దేన్ని కొలవాలి? ఈ ప్రశ్నకు జవాబు ఖగోళ పరిశీలనల్లోంచి వచ్చింది. 1964లో ఇర్విన్ షపీరో ఒక పరీక్ష ప్రతిపాదించాడు. సూర్యుడి అంచు పక్కగా శుక్రుడికో బుధుడికో రాడార్ తరంగం పంపితే, అది తిరిగి రావటానికి దాదాపు 200 మైక్రోసెకన్లు అదనంగా పట్టాలి. మసాచుసెట్స్‌లోని హేస్టాక్ ఆంటెన్నాతో 1960ల చివర అది నిజమని తేలింది. 2003లో ప్రచురించిన కాసీనీ వ్యోమనౌక కొలతలు ఆ ఆలస్యాన్ని లక్షలో కొద్ది భాగాల కచ్చితత్వంతో నిర్ధారించాయి. ఈ ఆలస్యానికి గొప్ప సుగుణం ఉంది. పంపినవారూ అందుకున్నవారూ సూర్యుడికి దూరంగా, స్థలకాలం దాదాపు చదునుగా ఉన్నచోట ఉంటారు. మధ్యలో ఏ బిందువు దగ్గర ఎంత వేగమన్న వివాదంతో పనిలేదు. గడియారం చూసుకుంటే చాలు. సాధారణ పదార్థం ఉన్నచోట ఐన్‌స్టీన్ గురుత్వం ఆలస్యమే చేస్తుంది, తొందరపెట్టదు. 2000లో గావో, వాల్డ్ ఆ మాటను సిద్ధాంత రూపంలో నిరూపించారు. ఆలస్యాన్ని కొలబద్దగా తీసుకుంటే గురుత్వాన్ని సవరించే పదానికి వేయవలసిన ప్రశ్న సూటిగా తయారవుతుంది: నీ వల్ల ఆలస్యం కాస్తా ముందంజగా మారుతుందా?

ఈ ప్రశ్నకు పదును ఉందని మొదట ఒక పక్కదారిలో తెలిసింది. ద్రవాల స్నిగ్ధతకూ ఎంట్రోపీ సాంద్రతకూ ఉండే నిష్పత్తికి, ప్రాథమిక స్థిరాంకాల ప్రమాణంలో, 1/4π కనిష్ఠ పరిమితి కావచ్చని కోవ్తున్, సోన్, స్టారినెట్స్ ఊహించారు. ఇలాంటి కొన్ని ద్రవాలను ఐదు కొలతల గురుత్వ సిద్ధాంతం సరిహద్దు మీద ఉన్నట్టుగా వర్ణించవచ్చు. ఆ గురుత్వానికి, వక్రత వర్గాలతో ఏర్పడే గాస్-బోనే పదం చేరిస్తే ఆ పరిమితి పడిపోతుంది. ఎంతవరకు పడిపోవచ్చు? 2008లో బ్రిగాంతే, ల్యూ, మయర్స్, షెంకర్, యాయిదా చూపిన జవాబు: దాన్ని 16/25 వంతు కంటే దిగువకు దించితే సరిహద్దు మీది సిద్ధాంతంలో సంకేతాలు కాంతిని మించిపోతాయి. గురుత్వంలోని ఒక గుణకానికి కార్యకారణ నియమం ఇంత కచ్చితమైన సంఖ్యతో హద్దు గీయటం ఒక మలుపు.

అసలు దెబ్బ 2014లో పడింది. కమాన్యో, ఎడెల్‌స్టైన్, మాల్దసేనా, జిబోయెదోవ్ ఒక ఆలోచనా ప్రయోగం చేశారు. అత్యధిక శక్తితో దూసుకుపోయే కణం తన చుట్టూ గురుత్వాన్ని ఒక పలుచని పొరలాగా మోసుకుపోతుంది. ఆ పొరను మరో గ్రావిటాన్ కొంత ఎడంగా దాటుతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో దానికి కొంత ఆలస్యం జరుగుతుంది. మూడు గ్రావిటాన్లు కలిసే చోట ఐన్‌స్టీన్ చెప్పని అదనపు పదం ఉంటే, ఆ పదం తెచ్చే మార్పు గ్రావిటాన్ ధ్రువణాన్ని బట్టి ఒకసారి ఆలస్యాన్ని పెంచుతుంది, ఒకసారి తగ్గిస్తుంది. ఎడం తగ్గేకొద్దీ ఈ మార్పు ఐన్‌స్టీన్ ఆలస్యం కంటే వడిగా పెరుగుతుంది. పదానికి సహజమైన పొడవు కంటే ఎడం తక్కువైతే ఒక ధ్రువణంలో ముందంజ తప్పదు. గుణకం గుర్తు మార్చినా లాభం లేదు, అప్పుడు ఆ ముందంజ మరో ధ్రువణానికి వస్తుంది. ఈ వాదం గొప్పతనం ఇక్కడే ఉందని నేననుకుంటాను: డ్రమండ్, హాత్రెల్ చూపిన ముందంజను కొట్టిపారేసిన కారణం దీనికి వర్తించదు. శక్తి పెంచుతూ పోతే, అలాంటి పొరలను వరుసగా దాటిస్తే, పరస్పర చర్య ఇంకా బలహీనంగా ఉండగానే ముందంజ తరంగదైర్ఘ్యాన్ని మించి కొలవదగినంత అవుతుంది. బయటపడే దారి ఒకటే. ఆ పదం పొడవుకు తగిన శక్తి వద్ద, రెండుకు మించిన స్పిన్ గల కణాలు ఉండాలి. ఒకటో రెండో ఉంటే చాలదు, ఎక్కడా ఆగని వరుస ఉండాలి. స్ట్రింగ్ థియరీలో సరిగ్గా అలాంటి వరుసే ఉంది.

దీనికి వచ్చిన ఆక్షేపణలు బలమైనవే. 2015లో పాపాల్లో, రియల్ నునుపైన కృష్ణబిలాల నేపథ్యంలో ఇదే లెక్క చేశారు. చిన్న కృష్ణబిలం పక్కన ముందంజ నిజమేనని ఒప్పుకుంటూనే, దానితో గతంలోకి సంకేతం పంపే యంత్రం కట్టవచ్చన్న మాటను సందేహించారు. అందుకు కావలసినంత వేగంతో అలాంటి కృష్ణబిలాన్ని తోయటం సాధ్యం కాదని వాదించారు. యంత్రం విషయంలో వారి మాటకు విలువ ఉంది. కానీ 2014 వాదానికి యంత్రం అవసరమా అన్నది వేరే ప్రశ్న. చదునైన దూరసీమల్లో ఉన్న ఇద్దరి మధ్య సంకేతం, మధ్యలో ఏమీ లేనప్పటి కంటే కొలవగలిగినంత ముందుగా చేరితే చాలు, ఆ సిద్ధాంతం పరిక్షేపణ లెక్కలు అధిక శక్తుల వద్ద క్రమశిక్షణ తప్పినట్టే. మరో ఆక్షేపణ పాతది: గతంలోకి తిరిగి వచ్చే దారులను ఐన్‌స్టీన్ సమీకరణాలే అనుమతిస్తాయని 1949లో కర్ట్ గోడెల్ చూపాడు కదా, అలాంటప్పుడు ఆ నియమంతో ఐన్‌స్టీన్‌కు పోటీ వచ్చేవారిని కొట్టేయటం న్యాయమా? న్యాయమే, ఎందుకంటే అడుగుతున్నది వేరు. గోడెల్ విశ్వం మొత్తంగా తిరుగుతూ ఉంటుంది, దానికి చదునైన దూరసీమే లేదు. ఇక్కడ పరీక్ష జరుగుతున్నది ఖాళీ స్థలంలో, బలహీన గురుత్వంలో, రెండు కణాల మధ్య. అంత సాధుసందర్భంలోనే తప్పటడుగు వేసే సిద్ధాంతానికి గోడెల్ రక్షణ కాలేడు.

మూడో ఆక్షేపణ వల్ల వాదం మరింత మెరుగుపడింది. క్లాడియా ద రామ్, ఆండ్రూ టోలీ 2020 ప్రాంతంలో, విస్తరించే విశ్వంలో అల్పశక్తి గురుత్వ తరంగాల వేగం కాంతి వేగాన్ని రవ్వంత మించవచ్చనీ, అంతమాత్రాన దోషం లేదనీ చూపారు; ఆ ముందంజ కొలతకు అందదు. వేగం పేరుతో ఏ గుణకాన్నైనా తొందరపడి కొట్టేయకూడదన్న వారి హెచ్చరికను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కొలతకు అందే ముందంజను పట్టుకునేటప్పుడు కూడా ఆ హెచ్చరికే కొలబద్దను స్థిరపరుస్తుంది. 2021లో కారన్-హ్యూట్, మజాచ్, రస్తెల్లీ, సిమన్స్-డఫిన్ చేసింది సరిగ్గా అదే. కణాలు తిన్నగా దూసుకుపోయే పరిమితిని వదిలి, వాటి మధ్య ఎడాన్ని నిర్దిష్టంగా ఉంచి లెక్కవేస్తే గ్రావిటాన్ తెచ్చే అనంతం అడ్డురాదు. 2006లో ధనాత్మకమే కావాలన్న గుణకాలు గురుత్వం తోడైతే కొద్దిగా రుణాత్మకం కావచ్చని తేలింది, ఆ 'కొద్దిగా' ఎంతో కూడా సంఖ్యతో సహా తేలింది. నిషేధం సడలింది, హద్దు స్పష్టమైంది.

ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి వచ్చిన పని ఈ దారిలో ఒక పెద్ద అడుగు. శిరాజ్ మిన్వాలా తన సహచరులతో 2019లో, నాలుగు గ్రావిటాన్ల పరిక్షేపణకు సాధ్యమైన బహుపది రూపాలన్నిటినీ వర్గీకరించాడు. సమ్మతమైన ఏ క్లాసికల్ సిద్ధాంతంలోనూ పరిక్షేపణ, శక్తి పెరిగేకొద్దీ ఒక నిర్దిష్ట వేగాన్ని మించి పెరగదని వారు ప్రతిపాదించారు. అది నిజమైతే ఆరు కొలతల వరకు ఐన్‌స్టీన్ పరిక్షేపణకు అలాంటి బహుపది చేర్పు ఒక్కటీ చెల్లదు. అది ప్రతిపాదన మాత్రమేనని గుర్తుంచుకోవాలి, అయినా దానికి ఊతమిచ్చే వాదాలు ఆ తర్వాత వచ్చాయి.

ఈ హద్దులు ఇప్పుడు పరిశీలనల దాకా వచ్చాయి. 2015 నుంచి గురుత్వ తరంగాల పరిశీలనశాల లైగో వింటున్న కృష్ణబిలాల విలీనాల్లో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి సవరణలు వెతికేటప్పుడు, వక్రత మూడో ఘాతం పదం కిలోమీటర్ల స్థాయిలో కనిపిస్తుందనుకుంటే, 2014 వాదం ప్రకారం అంత పొడవుకు తగిన తేలికైన అధిక స్పిన్ కణాలూ ఉండాలి. అవి గురుత్వమంత బలంతో పనిచేస్తే న్యూటన్ విలోమవర్గ నియమం కిలోమీటరు లోపలే చెదిరిపోవాలి. ఆ నియమం 52 మైక్రోమీటర్ల దాకా నిలిచిందని 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం చూపింది. 2014 వాదం తెచ్చిన ఈ చిక్కు వల్లే, ఆ ప్రయోగానికి ముందే, 2017లో ఎండ్లిక్, గోర్బెంకో, హువాంగ్, సెనటోరె తమ అన్వేషణను మూడో ఘాతం వదిలి నాలుగో ఘాతం పదాలతో మొదలుపెట్టారు. ఆ పదాల గుణకాల గుర్తులపై గ్రుజినోవ్, క్లెబన్ 2006లోనే కార్యకారణ షరతులు పెట్టి ఉన్నారు. మిగిలిన చిక్కు మన నాలుగు కొలతల విశ్వానిదే. ఇక్కడ షపీరో ఆలస్యం దూరంతో పాటు లాగరిథమ్‌గా పెరుగుతూ ఎక్కడా ఆగదు, అందువల్ల చదునైన స్థలంతో నేరుగా పోల్చటానికి స్థిరమైన ఆధారం దొరకదు. వేర్వేరు ఎడాల వద్ద పోయే సంకేతాలను ఒకదానితో ఒకటి పోల్చాలి. 2022లో కారన్-హ్యూట్ బృందం గ్రావిటాన్లకు కనుగొన్న హద్దుల్లో ఆ లాగరిథమ్ అలాగే మిగిలి ఉంది. దాన్ని తొలగించటమా, లేక విశ్వం పరిమాణం వంటి ఒక నిజమైన పొడవుతో దానికి అర్థం చెప్పటమా అన్నదానిపై ఇప్పుడు పని సాగుతోంది.